మామిడి కుళ్ళుకు విరుగుడు కాయలోనే: సొన నిలిస్తే సరుకు నిలుస్తుంది

నూజివీడు, మైలవరం, తిరువూరు ప్రాంతాల తోటల నుంచి నున్న మార్కెట్టుకు వచ్చే బంగినపల్లి కాయ కాటా మీద నిగనిగలాడుతూ వుంటుంది. మచ్చ వుండదు, మరక వుండదు. మొదటి రకం కింద ధర పలుకుతుంది. లారీ ఎక్కి సుమారు 1,800 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో దిగేసరికి కూడ కాయ బాగానే కనిపిస్తుంది. చిక్కంతా ఆ తరువాతనే. కాయ పసుపు తిరిగే కొద్దీ తొక్క మీద సూదిమొనంత నల్లచుక్కలు లేస్తాయి. రెండు మూడు రోజులలో అవి ఒకదానితో ఒకటి కలిసి రూపాయి బిళ్ళంత మచ్చలవుతాయి. కొన్ని కాయలకు ముచ్చిక చుట్టూ గోధుమరంగు వలయం పట్టి కిందికి దిగుతుంది. వేలు పెడితే లోపలికి పోతుంది. అక్కడి వర్తకుడు ఫోను చేసి తరుగు అడుగుతాడు. ఇక్కడి వర్తకుడు కమీషన్ ఏజెంటును అడుగుతాడు, ఏజెంటు రైతును అడుగుతాడు. రైతు "నేను కోసినప్పుడు కాయ బాగానే వున్నది గదా" అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా కుళ్ళు తోటలోనే పుట్టినది.

ఈ తగాదా ఏటా వున్నదే. ఏప్రిల్, మే నెలలలో అకాల వర్షాలు పడిన సంవత్సరం మరింత ముదురుతుంది. ఇంతవరకు వ్యాపారస్థులు దీనిని రవాణా నష్టం పద్దులో వ్రాసుకుని సరిపెట్టుకుంటున్నారు. లారీ వేడి, గడ్డి తక్కువ, డ్రైవరు ఆలస్యం — కారణాలకు కొదవ లేదు. కాని కోసిన కాయ మీద గత నాలుగు దశాబ్దాలుగా వివిధ దేశాలలో జరిగిన పరిశోధన మరొక సంగతి చెబుతున్నది. మామిడికాయ తనను తాను కాపాడుకొనేందుకు కావలసిన మందును తొక్కలోనే, సొనలోనే పెట్టుకుని చెట్టు దిగుతుంది. కోతలో, మోతలో, మాగబెట్టడంలో మనం ఆ మందును పారబోస్తున్నాము. ఎంత పారబోస్తే అంత త్వరగా కుళ్ళుతుంది.

పచ్చికాయలో నిద్రించే బూజు

నల్లచుక్కలు వేసే రోగాన్ని మచ్చ తెగులు అంటారు. శాస్త్రజ్ఞుల భాషలో ఆంత్రాక్నోస్. కొల్లెటోట్రైకం అనే శిలీంధ్రం దీనికి కారణం. ఎండుపుల్లల మీద, పాత ఆకుల మీద, మాడిన పూతరెమ్మల మీద ఇది బ్రతుకుతుంది. వానచినుకు చిట్లినప్పుడు దాని బీజాలు పిందె మీద పడతాయి. తడి వుంటే కొద్ది గంటలలో మొలకెత్తి, జలగ పట్టు పట్టినట్లు తొక్కను కరుచుకుని, సన్నని ముల్లు వంటి కొమ్మను పైపొరలోకి దించుతాయి. అక్కడితో ఆగిపోతాయి. కాయ పచ్చిగా వున్నన్ని వారాలూ, నెలలూ అవి అక్కడే నిద్రాణంగా పడి వుంటాయి. కంటికి కనిపించవు, చేతికి తగలవు, కాటా మీద తూగవు. కాయ పండబారగానే లేస్తాయి.

ముచ్చిక వద్ద నుంచి కుళ్ళించేది వేరొక జాతి. లాసియోడిప్లోడియా మొదలైన ఈ శిలీంధ్రాలు చెట్టు కొమ్మలలోనూ, తొడిమలోనూ ఏ హానీ చేయకుండా కాపురముండి, కాయ కోసిన తరువాత తొడిమ దారినే లోపలికి దిగుతాయి. తొడిమ ఊడబెరికిన కాయకు ఆ చోట పచ్చి గాయమవుతుంది గనుక వాటి పని మరింత సులువవుతుంది.

ఇంతకూ ఈ బూజు పచ్చికాయలో ఎందుకు ఆగిపోతున్నది? ఈ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు మామిడి నుంచి కాక వెన్నపండు (అవకాడో) నుంచి వచ్చింది. ఇజ్రాయెల్ వోల్కాని వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన డొవ్ ప్రస్కీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి 1982లో ఒక విషయం ప్రకటించారు. పచ్చి వెన్నపండు తొక్కలో శిలీంధ్రాన్ని ఎదగనివ్వని ఒక నూనె వంటి పదార్థం వున్నదనీ, పండు మాగే కొద్దీ అది తరిగిపోతుందనీ, అది ఒక మట్టానికి దిగిన తరువాతనే మచ్చ లేస్తుందనీ ఆ పరిశోధన సారాంశం. అదే దశాబ్దం మధ్యలో మామిడిని పరీక్షించగా, దాని తొక్కలోనూ ఆ పని చేసే రిసార్సినాల్ జాతి పదార్థాలు బయటపడ్డాయి. పచ్చికాయ తొక్కలో ఇవి పుష్కలం. కండలో బహు స్వల్పం. పండే కొద్దీ తొక్కలోనూ పడిపోతాయి.

ప్రకృతి దృష్టితో చూస్తే ఇందులో వింత లేదు. టెంక ముదిరే దాకా కాయను కాపాడుకోవడం చెట్టు పని. ముదిరిన తరువాత పండును ఎవరో ఒకరు తిని టెంకను దూరాన పారవేయడమే దానికి కావలసినది. పండిన తరువాత కూడ పండు పది రోజులు నిలవాలన్నది వర్తకుని అవసరమే గాని చెట్టు అవసరం కాదు.

సొన విలువ

కాయ కోసే కూలీలకు ఈ శాస్త్రం సగం ముందే తెలుసు. సీజనులో వారి చేతులు, మెడలు, పెదవుల అంచులు పొక్కి వుంటాయి. ఆ పొక్కులకు కారణం కూడ ఈ రిసార్సినాల్ పదార్థాలే. జీడిగింజ పెచ్చులోని నూనెకు ఇవి దగ్గరి చుట్టాలు. మనిషి చర్మాన్ని కాల్చగల పదార్థం బూజును అడ్డుకొన్నదంటే ఆశ్చర్యపడవలసినది లేదు.

సొనలో ఈ ఒక్కటే కాదు. శ్రీలంక పేరాదెనియ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిన పరిశోధన ప్రకారం లేతకాయ రక్షణ మూడు అంచెలుగా వుంటుంది. తొక్కలోని వగరు పదార్థాలైన గాలోటానిన్‌లు ఒకటి, రిసార్సినాల్‌లు రెండవది, సొనలోని కైటినేజ్ అనే జీర్ణరసం మూడవది. శిలీంధ్రం ఒంటి గోడలో కైటిన్ అనే పదార్థం వుంటుంది; రొయ్య పెంకు, పీత పెంకు కూడ దానితోనే తయారవుతాయి. కైటినేజ్ ఆ గోడను కరిగిస్తుంది. సొనకాలువలు ముచ్చిక నుంచి తొక్క అంతటా సన్నని నరాల వలె వ్యాపించి వుంటాయి. కాయ కోసి సొనను పూర్తిగా కార్చివేస్తే ఈ కాలువలు వట్టిపోతాయి. సొన నిలిచిన కాయలలో మచ్చ తెగులు, ముచ్చిక కుళ్ళు తక్కువగా వుంటున్నట్లు ఆ దేశపు పరిశోధనలలోనే తేలినది.

ఇక్కడ వ్యాపారానికి పెద్ద చిక్కు వచ్చిపడుతుంది. ఎగుమతి సరుకు సిద్ధం చేసే షెడ్లలో ఇన్నేళ్ళుగా నేర్పుతున్నది సరిగా దీనికి ఎదురు. కాయను తలకిందులుగా జల్లెడ బల్లల మీద పెట్టి, తొడిమ కత్తిరించి, సొన చివరి చుక్క దాకా కారిపోనివ్వాలని చెబుతారు. అదీ తప్పు మాట కాదు. సొన తొక్క మీద పడితే కాలిన మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ రోగం కాదు, కండకు హాని లేదు. కాని పండగానే నల్లబడి పండు రూపు చెడుతుంది, కొనేవాడు దానిని కుళ్ళు కిందనే లెక్క కడతాడు. ఆస్ట్రేలియాలో అక్కడి ముఖ్య రకమైన కెన్సింగ్టన్ ప్రైడ్ మీద 1992లో ప్రకటించిన పరిశోధన, సొనలో నూనె వలె పైకి తేలే భాగంలోని టర్పినోలీన్ అనే ఘాటు పదార్థమే ఈ కాలుడుకు మూలమని తేల్చినది. తొడిమ విరిగిన మొదటి కొద్ది క్షణాలలో చిమ్మే సొన మహా ఘాటు. ఆ తరువాత బొట్టు బొట్టుగా కారేదాని కాటు తక్కువ.

అంటే సొన లోపల వుంటే కవచం, బయట పడితే కళంకం. కార్చివేస్తే అందం నిలుస్తుంది, ఆయువు తరుగుతుంది. కార్చకుండా మొరటుగా మోస్తే రెండూ పోతాయి. మన మార్కెట్లలో ఎక్కువ సరుకుకు జరుగుతున్నది ఈ చివరి పద్ధతే. కర్రతో కొట్టి, కొమ్మ కుదిపి రాల్చిన కాయకు తొడిమ మొదట్లోనే తెగుతుంది. సొన చిమ్మి పక్క కాయల మీద పడుతుంది. ఆ మీద దుమ్ము అంటుకుంటుంది. సొన పోయినది, మచ్చ పడినది, ముచ్చిక వద్ద తలుపు తెరిచినట్లయినది.

తొడిమతో కోత

ఈ చిక్కుకు మధ్యేమార్గం వున్నది. తొడిమ మీద కాయకు దగ్గరలో ఒక కణుపు వంటి కీలు వుంటుంది. పండి రాలే కాయ అక్కడే విడుతుంది. ఆ కీలు దగ్గర విరిస్తేనే సొన చిమ్ముతుంది. దానికి పైన, నాలుగైదు సెంటీమీటర్ల తొడిమ వుంచి కత్తిరిస్తే సొన అంతగా బయటకు రాదు. చిక్కం కట్టిన గడకు కత్తి బిగించి కోసే పద్ధతి మన తోటలలో కొత్తది కాదు. రసాలకు, ఇమాం పసందుకు ఇంటి అవసరానికి కోసేవారు ఎప్పుడూ అలాగే కోస్తారు. వ్యాపారపు కోతకు వచ్చేసరికి కూలి గిట్టదని వదిలేశారు.

ఇలా కోసిన కాయను నేల మీద పోయకుండా ట్రేలలో నీడకు చేర్చి, కొన్ని గంటలు ఆరనిచ్చి, లోపలి ఒత్తిడి తగ్గిన తరువాత తొడిమను సెంటీమీటరు మేరకు కత్తిరిస్తే కారే సొన కొద్దిపాటిదే. మిగిలినది తొక్కలోనే నిలుస్తుంది. పొరబాటున మీద పడిన సొనను నూటికి అర వంతు సున్నం కలిపిన నీటితో వెంటనే కడిగితే మచ్చ చాలా వరకు తప్పుతుంది. ఆలస్యం చేసి కడిగితే ప్రయోజనం లేదు.

తొడిమ నిలిచిన కాయకు ముచ్చిక కుళ్ళు తగ్గుతుందని వోల్కాని సంస్థ శాస్త్రజ్ఞులు ఇటీవలి కాలంలో మళ్ళీ నిరూపించారు. అయితే వర్తకులకు మరొక భయం వున్నది, అది నిజమైనదే. పొడుగాటి తొడిమతో కాయలు లారీలో గుట్టగా పోస్తే ఒకదాని తొడిమ మరొకదాని తొక్కలో గుచ్చుకుంటుంది. ఆ గాయం లేని రోగాన్ని తెస్తుంది. కనుక తొడిమతో కోత అనేది ట్రేలతో, పెట్టెలతో కలిసి రావలసిన పద్ధతి. గుట్ట సరుకుకు ఇది పనికిరాదు. చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్ళే తోతాపురికి ఇంత శ్రమ అనవసరం కూడ. మాగిన వెంటనే గుజ్జయిపోయే కాయకు దీర్ఘాయువుతో పని లేదు.

వానలో గాని, వాన వెలిసిన వెంటనే గాని కోసిన కాయ నిలవదన్నది తోటవారి అనుభవం. తడి తొక్క మీద కొత్త బీజాలు మొలకెత్తడానికి అదే అదను. పిందెకు కాగితపు కవరు కట్టే పద్ధతి మన జిల్లాలలో పెరగడం కూడ ఈ దృష్టితో గమనించదగినది. కవరు వల్ల వచ్చే నునుపు, రంగు చూసి వర్తకులు ఎక్కువ ధర ఇస్తున్నారు. చినుకు తొక్కకు తగలదు గనుక నిద్రాణంగా చేరే బూజు కూడ తక్కువ. ఆ రెండవ లాభానికి ఇంకా ఎవరూ ధర కట్టడం లేదు.

ఎరువుల సంగతి వర్తకుని చేతిలోది కాదు. అయినా తోట గుత్తకు తీసుకునేటప్పుడు అడగదగిన ప్రశ్నే. యూరియా దండిగా తిన్న చెట్టు కాయ పెద్దదిగా, పచ్చగా వుంటుంది. రోగానికి తట్టుకొనే శక్తి తక్కువ. ఎండ బాగా తగిలిన వైపు కాయ, గుబురులోని కాయ కంటె గట్టిది.

వేడినీటి గుణం

కాయలోని రక్షణను మేల్కొలిపే ఉపాయాలలో పాతది, నమ్మదగినది వేడినీరు. 1960లలోనే ప్యూర్టోరికో, ఫ్లోరిడాలలో దీనిని మామిడి మచ్చ తెగులుకు వాడి చూశారు. కోసిన కాయను త్వరగా, 52 డిగ్రీల సెంటీగ్రేడ్ నీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచడం ఇందులోని పద్ధతి. ఆ వేడికి తొక్క పైపొరలో నిద్రించే బూజు చాలా భాగం చస్తుంది. కాయకు ప్రాణహాని వుండదు. వేడి తగిలిన తొక్క తన రక్షణ పదార్థాల తయారీని కూడ పెంచుతుందని తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి. చిన్న దెబ్బ తగిలిన ఒళ్ళు పెద్ద దెబ్బకు సిద్ధపడినట్లన్నమాట.

ఒకప్పుడు ఈ వేడినీటిలో బెనోమిల్ అనే మందు కలిపేవారు. దానిని తయారుచేసే డ్యూపాంట్ కంపెనీ 2001లో ఉత్పత్తి నిలిపివేసినది. దిగుమతి దేశాలు కాయ మీద మిగిలే మందు పరిమితులను ఏటికేడు బిగిస్తున్నాయి. మందు లేని పద్ధతుల మీద శ్రద్ధ పెరగడానికి ఇది ముఖ్యకారణం.

వేడినీటికి థర్మామీటరు కావాలి, అంచనా పనికిరాదు. రెండు మూడు డిగ్రీలు తగ్గితే బూజు చావదు. రెండు మూడు డిగ్రీలు పెరిగితే తొక్క వుడికి గుంటలు పడుతుంది, పండు ఒకవైపు గట్టిగా మిగులుతుంది. ముదరని కాయకు ఈ ప్రమాదం ఎక్కువ. సీజను మొదట్లో మంచి ధర కోసం తొందరపడి కోసిన లేతకాయను వేడినీట ముంచినవారు నష్టపోయి, పద్ధతినే తిట్టుకున్న సందర్భాలున్నాయి.

దీనిని ఈగ నివారణ వేడితో కలిపి గందరగోళపడరాదు. 2014 మే నుంచి యూరపు దేశాలు మన మామిడిని నిషేధించి, 2015 జనవరిలో నిషేధం ఎత్తివేతకు నిర్ణయించినది పండుఈగ విషయంలో. దానికి చేసే 48 డిగ్రీల, 60 నిమిషాల నీటి స్నానం వేరు. 2006లో తిరిగి తెరుచుకున్న జపాను మార్కెట్టు కోరే ఆవిరి పద్ధతి — కాయ నడిమధ్యన 47.5 డిగ్రీలు 20 నిమిషాలు — అదీ వేరు. ఈగగుడ్డు లోపల కండలో వుంటుంది, బూజు తొక్కలో వుంటుంది. అందుకే కాలంలో అంత తేడా.

మాగబెట్టడంలో తొందర

కాయ పండడం, కవచం కరగడం ఒకే గడియారం మీద నడుస్తాయి. ఆ గడియారాన్ని ఎంత త్వరగా తిప్పితే నిద్రాణమైన బూజు అంత త్వరగా లేస్తుంది. కార్బైడు విషయంలో ఆరోగ్యం సంగతి అందరికీ తెలిసినదే. ఆర్సెనిక్, భాస్వరపు మలినాల వల్ల దాని వాడకం మన దేశంలో ఏనాటి నుంచో నిషిద్ధం, 2011 ఆహార భద్రతా నిబంధనలలోనూ నిషేధం కొనసాగినది. వ్యాపారపు సంగతి మాత్రం తక్కువ చర్చకు వచ్చినది. కార్బైడు పొట్లం తడి తగిలి వేడి పుట్టిస్తుంది, పెట్టె లోపల ఉక్క పెరుగుతుంది. తొక్క పసుపు తిరుగుతుంది, కండ వెనకబడుతుంది. వేడి, తడి, బలం తగ్గిన తొక్క — బూజుకు ఇంతకంటె మంచి పెళ్ళివిందు దొరకదు. ఆ సరుకును రెండు రోజులలో అమ్ముకోలేకపోతే మూడవ రోజు ధర అడిగేవాడుండడు.

ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు వాడుకోవచ్చునని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో అనుమతించినది. పండు తనంతట తాను పుట్టించుకొనే వాయువే ఇది. అయితే ఇథిలీన్ గది కట్టినంత మాత్రాన కుళ్ళు పోదు. గది వేడిమి 20 నుంచి 24 డిగ్రీల మధ్య వుండాలి. మచ్చ తెగులు బూజు 25 నుంచి 30 డిగ్రీలలో జోరుగా పెరుగుతుంది. బయట మే నెల ఎండ వుండగా చల్లదనం సరిగా లేని గదిలో గ్యాసు వదలడమంటే పండునూ బూజునూ కలిపి మాగబెట్టడమే.

అతి చల్లదనమూ అంతే చేటు. 12, 13 డిగ్రీలకు దిగువన మామిడి తట్టుకోదు. ధర పెరిగే దాకా ఆపుదామని మిరప నిలవచేసే చల్లని గిడ్డంగిలో కాయను పెట్టినవారికి లోపల వున్నంత సేపూ అంతా బాగానే కనిపిస్తుంది. బయటకు తీయగానే తొక్క బూడిదరంగు తిరిగి గుంటలు పడి, మచ్చలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. చలి కాయలోని రక్షణను ముందుగా చంపివేసినది గనుక అడ్డుకొనేది ఇక ఏదీ వుండదు.

కొత్త ఉపాయాలు

కాయకు ఎచ్చరిక ఇచ్చి దాని రక్షణను పెంచే పదార్థాల మీద పలు దేశాలలో పని జరుగుతున్నది. చైనా శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగంలో మామిడికాయకు సాలిసిలిక్ ఆమ్లం పట్టించగా, బూజును అడ్డుకొనే జీర్ణరసాల చురుకు పెరిగి మచ్చల పరిమాణం తగ్గినది. ఆస్పిరిన్ బిళ్ళకు దగ్గరి చుట్టమైన ఈ ఆమ్లం మొక్కలలో సహజంగా వుండేదే. రోగం తగిలినప్పుడు మొక్కలో రక్షణను మేల్కొలిపే కబురులో దానికి పాత్ర వున్నది.

మన కోస్తా వ్యాపారస్థులకు ఆసక్తి కలిగించవలసినది కైటోసాన్. రొయ్య పొట్టు, పెంకుల నుంచి తీసే ఈ పదార్థాన్ని పలుచని పూతగా కాయకు పూస్తే నీరు ఆవిరి కావడం తగ్గుతుంది, మాగడం నెమ్మదిస్తుంది. దీనికి మరొక గుణం వున్నది. శిలీంధ్రం గోడలోని పదార్థానికి ఇది దగ్గరి పోలిక గనుక, కాయ దీనిని శత్రువుగా పొరబడి తన రక్షణను సిద్ధం చేసుకుంటుంది. అతినీలలోహిత కిరణాలను స్వల్ప మోతాదులో చూపించే పద్ధతి కూడ ఇటువంటిదే. ప్రయోగశాలలో ఇవన్నీ బాగానే వున్నాయి. కాని పూత మందమైతే కాయకు గాలి ఆడక పులిసిన వాసన వేస్తుంది. మోతాదు రకానికొక తీరున మారుతుంది. విదేశీ రకానికి కుదిరినది బంగినపల్లికి కుదరాలని లేదు. తినే వస్తువు మీద వాడే ఏ పదార్థానికైనా అనుమతి వున్నదో లేదో ముందుగా చూసుకోవాలి. సరసమైన ధరకు దొరికినదని ఎవరో తెచ్చిన పొడిని సరుకు మీద చల్లడం కార్బైడు కథ మళ్ళీ మొదలుపెట్టడమే అవుతుంది.

ఖర్చు ఎవరిది?

ఇవన్నీ వింటే వర్తకుడు అడిగే మొదటి ప్రశ్న ఖర్చు ఎవరిదని. న్యాయమైన ప్రశ్నే. తొడిమతో కోయడానికి ఎక్కువ కూలీలు కావాలి. ట్రేలు కావాలి. ఆ ఖర్చు పెట్టినవాడు రైతు లేక తోట గుత్తదారు. దాని ఫలితం దక్కేది ఢిల్లీలోనో నాగపూరులోనో పండు అమ్మేవానికి. నడుమ కాటా దగ్గర తొడిమతో కోసిన కాయా, రాల్చిన కాయా ఒకే ధర పలికితే ఎవడు కత్తి గడ పట్టుకుంటాడు? పైపెచ్చు నాణ్యతతో నిమిత్తం లేకుండా టన్నుకు ఇంత తరుగు అని అందరికీ ఒకే కోత కోసే ఆచారం వున్నచోట, మంచి కాయ తెచ్చినవాడు చెడ్డ కాయ నష్టాన్ని కూడ మోస్తున్నాడు. కాయ కుళ్ళడానికి బూజు ఎంత కారణమో ఈ ఆచారం కూడ అంత కారణం.

లెక్క వేసి చూస్తే అంకె చిన్నది కాదు. ఉదాహరణకు పది టన్నుల లారీలో నూటికి ఎనిమిది కాయలు మచ్చతో పోయాయనుకుంటే 800 కిలోలు. వాటికి కొన్న ధర పోయినది, కమీషను పోయినది, హమాలీ పోయినది, 1,800 కిలోమీటర్ల కిరాయి పోయినది. అన్నింటికంటె పక్క కాయల ధర పోయినది. పెట్టెలో నాలుగు మచ్చ కాయలు కనిపిస్తే మిగిలిన వాటికి కూడ అడిగే ధర పడిపోతుంది. ఆ 800లో సగం మిగిల్చినా కత్తిగడ కూలి దానిలో ఏమాత్రం?

నమ్మకం కుదరక ధర ఇవ్వలేమనే వర్తకునికి ఒక చవుక పరీక్ష వున్నది. పెట్టుబడి అరబస్తా గడ్డి, ఒక మూత వున్న డబ్బా. కోతకు పది, పన్నెండు రోజుల ముందు తోటలో నాలుగు మూలల నుంచి, పై కొమ్మల నుంచి, కింది కొమ్మల నుంచి ముదురుకాయలు ఇరవై ముప్పై తీసి, తడి గుడ్డ కప్పి వెచ్చని చోట మాగబెట్టాలి. నిద్రించే బూజు వుంటే వెచ్చదనానికీ తడికీ ముందే లేచి మచ్చలు చూపిస్తుంది. ఎన్ని కాయలకు మచ్చ వచ్చినదో, ఏ రోజున వచ్చినదో వ్రాసుకుంటే తోట గుట్టు బయటపడుతుంది. శాస్త్రజ్ఞులు ఇథిలీన్ పుట్టించే మందు కలిపి చేసే పరీక్షకు ఇది మోటు రూపం. ముప్పైలో రెండో మూడో మచ్చపడిన తోట కాయను దూరప్రయాణానికి ఎంచుకోవచ్చు. పది పన్నెండు మచ్చపడిన తోట కాయ ఎంత నిగనిగలాడినా విజయవాడ, హైదరాబాదులలో నాలుగు రోజులలో అమ్ముకోవలసినది, లేదా ఊరగాయకు, గుజ్జుకు పంపవలసినది. దానిని ఉత్తరాదికి ఎక్కించి తరువాత డ్రైవరును తిట్టడంలో అర్థం లేదు.

తోట బేరం ఒప్పందంలో ఈ పరీక్ష ఫలితాన్ని ఒక షరతుగా వ్రాసుకోవచ్చు: మచ్చ శాతాన్నిబట్టి ధర, తొడిమతో కోసి ట్రేలలో పంపితే టన్నుకు ఇంత అదనం, రాల్చిన కాయకు ఇంత తరుగు. పూతకు, పిందెకు వాన తగిలిన సంవత్సరం ఇటువంటి షరతు కొనేవానికి రక్ష. పొడి వాతావరణం వున్న సంవత్సరం అమ్మేవానికి లాభం. చివరి కోతలలో, తొలకరి దగ్గరపడిన రోజులలో వచ్చే కాయకు మాత్రం ఏ షరతైనా ఒక మెట్టు కిందికి దించి కట్టవలసి వుంటుంది. అప్పటికి చెట్టు మీద కాయ ముదిరి పండబారి వుంటుంది, తొక్కలోని కవచం సగం కరిగి వుంటుంది, మబ్బు పట్టిన గాలిలో బూజు బీజాలు నిండి వుంటాయి.